గేటు దగ్గర ట్రక్కు ఉంటే వెనక్కి తిరుగు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందొచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట సీజన్. ఆ శుక్రవారం సాయంత్రం ఆఫీసులో మీటింగ్ పెట్టే మేనేజర్‌ని లోకజ్ఞానం లేనివాడి కింద జమకడతారు. రాష్ట్ర రాజధాని మాడిసన్ పక్కన కాపురం పెట్టిన కొత్తలో నాకు ఆ సీజనంటే పెట్రోల్ బంకుల దగ్గర నారింజరంగు కోట్లు, ట్రక్కుల వెనక బయటికి కనపడే జింకల కాళ్లు, అంతే. నేనూ ఆ కోటు వేసుకుంటానని కలలో కూడా అనుకోలేదు.

కారణం గోంగూర. పెరట్లో వేసిన గోంగూర మడి, చిక్కుడు పాదు వరసగా రెండు వేసవులు జింకలు మొదలంటా మేసేశాయి. సబ్బు ముక్కలు కట్టాను, వల వేశాను, ఏదీ పనిచెయ్యలేదు. పక్కింటి పెద్దాయన దగ్గర మొరపెట్టుకుంటే, "నీ పంట అవి తింటుంటే నువ్వు వాటిని తిను" అన్నాడు. ఆయన పాడి రైతుగా రిటైరైన మనిషి, పుట్టింది ఈ కౌంటీలోనే, అంటే మన జిల్లా లాంటిది. నవ్వి ఊరుకున్నాను గానీ మాట బుర్రలో ఉండిపోయింది.

మాది అచ్చంపేట దగ్గర, నల్లమల అంచు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పుట్టినదాన్ని కాబట్టి, నాకు తెలిసిన వేటంటే దొంగచాటు పనే. ఎవరింట్లోనైనా అడవిపంది కూర ఉడికితే తలుపేసుకుని తినేవాళ్లు, ఎముకలు కుక్కలకు కూడా వెయ్యకుండా పూడ్చేసేవాళ్లు. లైసెన్సు, క్లాసు, పరీక్ష, మర్యాదలు పెట్టుకుని పట్టపగలు చేసే వేట ఒకటుంటుందంటే అమ్మకు ఎంత చెప్పినా ఎక్కలేదు. "జింకను సంపుతవా బిడ్డా, పాపం తగుల్తది" అని ఫోన్లో అరగంట తిట్టి, పెట్టేసే ముందు "ఎట్ల వండుతరే దాన్ని?" అని అడిగింది. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కృష్ణజింక కేసు జోకులు వారం రోజులు నడిచాయి.

ఇక్కడి లెక్క వేరు. తెల్లతోక జింకలు ఈ దక్షిణ విస్కాన్సిన్‌లో పొలాల మీద, రోడ్ల మీద లెక్కకు మించి ఉన్నాయి. ఏ కౌంటీలో ఎన్ని ఆడజింకలను కొట్టొచ్చో ఏటా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 1937లో తెచ్చిన చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద తయారీదారు దగ్గరే 11 శాతం పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు, దానికి లైసెన్సు డబ్బులు తోడు. అంటే అడవులను చూసుకునే ఖర్చులో పెద్ద వాటా వేటగాళ్ల జేబులోంచే. ఆ వేటగాళ్లేమో తగ్గిపోతూ వచ్చారు. 2011లో దేశం మొత్తం మీద 1 కోటి 37 లక్షలు ఉన్నవాళ్లు, 2016 సర్వేకి 1 కోటి 15 లక్షలయ్యారు. అందుకే డీఎన్ఆర్ అని అందరూ పిలిచే ఇక్కడి సహజవనరుల శాఖ కొత్తవాళ్లను బొట్టుపెట్టి పిలుస్తుంది. ఆడవాళ్లు, నగరాలవాళ్లు, వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు, ఎవరైనా సరే. తొలిసారి కొనే రాష్ట్రవాసులకు జింక లైసెన్సు 5 డాలర్లకే ఇస్తారు.

శాఖ పిలిచిందని అడవిలో ఉన్నవాళ్లంతా రమ్మంటారా అంటే, అనరు. కోవిడ్ ఏడాది కొత్తవాళ్లు పోటెత్తినప్పుడు మా పక్కింటి పెద్దాయన నోటి నుంచే విన్నాను: "తలుపులు దబదబా వేస్తారు, తెల్లారాక వస్తారు, నేరుగా వచ్చి మన చెట్టు కిందే నిలబడతారు." ఈ గొణుగుడు ఆ తర్వాత చాలామంది దగ్గర విన్నాను. నా అభిప్రాయం నేను మొదట్లోనే చెప్పేస్తాను. చట్టాలు పుస్తకంలో ఉన్నాయి. మర్యాదలు మాత్రం తండ్రి కొడుక్కి ట్రక్కులో కూర్చుని చెప్పేవి. ట్రక్కులో కూర్చోబెట్టుకునే తండ్రి లేనివాడికి అవెలా తెలుస్తాయి? చెప్పకుండా తిట్టడం అన్యాయం.

1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఎవరైనా లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట భద్రత కోర్సు పాసవ్వాలి. పెద్దవాళ్లు మొత్తం ఆన్‌లైన్లోనే కానిచ్చేయొచ్చు. నేను మాత్రం క్లాసుకే వెళ్లాను, తుపాకీ చేతితో ముట్టుకుని ఎరగను మరి. ఊరి చివర షూటింగ్ క్లబ్బులో మడత కుర్చీలు, పాత కాఫీ వాసన, చుట్టూ పన్నెండేళ్ల పిల్లలు, వాళ్ల మధ్య నేను. నేర్పేవాళ్లంతా జీతం లేకుండా వచ్చే స్థానికులు. 1966లో ఈ రాష్ట్రంలో ప్రతి లక్షమంది వేటగాళ్లకు 44 మంది తూటా ప్రమాదాల్లో చిక్కుకునేవాళ్లట. మరుసటి ఏడాదే ఈ క్లాసులు మొదలుపెట్టారు, 1985 నుంచి తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఆ ప్రమాదాలు ఎక్కడో ఒకటీ అరా.

నాలుగు సూత్రాలు నిద్రలో లేపినా చెప్పాలి. ప్రతి తుపాకీనీ తూటా ఉన్నదానిలాగే చూడు. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉండాలి. దేన్ని కొడుతున్నావో, దాని వెనక ఏముందో ఖాయం చేసుకో. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనివ్వకు. కంచె ఎలా దాటాలి, తుపాకీ ఇంకొకరి చేతికి ఎలా ఇవ్వాలి అనేవి డమ్మీ తుపాకీలతో పదేపదే చేయించారు. ఇక మర్యాదల పాఠం పుస్తకంలో ఎంత ఉందంటే, భూమి యజమానిని గౌరవించు, తోటి వేటగాణ్ణి గౌరవించు, జంతువును గౌరవించు. గౌరవించడమంటే పొద్దున నాలుగున్నరకు పార్కింగులో ఏం చెయ్యాలో అందులో లేదు.

మనవణ్ణి క్లాసుకు తీసుకొచ్చిన హ్మాంగ్ పెద్దాయన ఒకరు బ్రేకులో నా పక్కన కూర్చున్నారు. హ్మాంగ్ జనం వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చి ఈ రాష్ట్రంలో బాగా స్థిరపడ్డారు, వేట వాళ్ల రక్తంలో ఉంది. 2004 నవంబరులో ఉత్తరాన సాయర్ కౌంటీలో ఒక హ్మాంగ్ వేటగాడు పరాయివాళ్ల భూమిలో ఉన్న మంచె మీద కనపడటంతో గొడవ మొదలై, అతను జరిపిన కాల్పుల్లో ఆరుగురు చనిపోయారు. ఆ ఏడాది తర్వాత తనలాంటి ముఖం అడవిలో కనపడితే అవతలివాళ్ల చూపు మారిపోయిందని ఆయన చెప్పారు. ఎవరిమీదా కోపంగా చెప్పలేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పారు. "అడవిలో ఎవరైనా కోపంగా ఎదురొస్తే మాట్లాడకు. ముందు తుపాకీలోంచి తూటాలు తీసెయ్, వాళ్లకు కనపడేలా తియ్. భుజానికి తగిలించు. అప్పుడు నోరు తెరువు. భూమి నాదే అయినా సరే, ముందు సారీ చెప్పి వచ్చేస్తాను. ఎవరిదో తర్వాత ఫోన్లో చూసుకోవచ్చు." మొత్తం కోర్సులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే. గోధుమరంగు చర్మంతో మంకీ క్యాప్ పెట్టుకుని అడవిలోకి నడిచే మనలాంటివాళ్లకు మరీనూ.

సర్టిఫికెట్ వచ్చాక పక్కింటి పెద్దాయన తలుపు తట్టాను. ఆయన నవ్వలేదు. వాళ్లావిడ మాత్రం "పన్నెండేళ్ల మనవడు ఫోను వదలడు, ఈమెనైనా తీసుకెళ్లు" అంది. ఆయన తన పాత .243 రైఫిల్ ఇస్తానన్నాడు. రేంజ్‌లో వందగజాల దూరంలో పేపర్ ప్లేటుని తప్పకుండా కొట్టేదాకా అడవి మాటెత్తకూడదని షరతు.

వేసవంతా తుపాకీ కంటే చెప్పులే ఎక్కువ అరిగాయి. ప్రైవేటు భూముల్లో అనుమతి అడగడం ఎలాగో ఆయనే నేర్పాడు. సీజన్ ముందురోజు రాత్రి అడగకూడదు, జూలైలోనో ఆగస్టులోనో అడగాలి. వేట బట్టల్లో వెళ్లకూడదు. పాలు పితికే వేళ వెళ్లకూడదు. నువ్వొక్కదానివే వస్తావా, ఎంతమందిని తెస్తావు, కారు ఎక్కడ పెడతావు, ఇవన్నీ వాళ్లు అడగకముందే నువ్వే చెప్పాలి. కాదంటే థాంక్స్ చెప్పి చిరునవ్వుతో రావాలి. ఔనంటే గేటు ఎలా ఉన్నది అలాగే వదలాలి, తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే. చాలామంది కాదన్నారు. కొందరు నన్ను చూసి, ఆయన్ని చూసి, మళ్లీ నన్ను చూసి కాదన్నారు. సరే, వాళ్ల భూమి, వాళ్లిష్టం.

చివరికి విస్కాన్సిన్ నది దిగువన, ఒడ్డు పొడవునా ఉన్న ప్రభుత్వ భూమే దిక్కయింది. ఓక్ చెట్ల గుట్టలు, కింద బురద నేల. అక్కడ ఎవరైనా వేటాడొచ్చు. అసలు చిక్కంతా అక్కడే. ఆ చెట్టు నీదని చెప్పడానికి నీ దగ్గర ఏ కాగితమూ ఉండదు. ముందురోజే మంచె కట్టి వదిలి రావడం ఇక్కడి ప్రభుత్వ భూమిలో కుదరదు. ఆ తెల్లవారి ఎవరు ముందొస్తే వాళ్లది, అంతే. ఈ మాట ఏ చట్టంలోనూ రాసి లేదు గానీ అందరూ దీని మీదే నడుస్తారు. ఆగస్టు నుంచి మేం చూసిపెట్టుకున్న చోటు ఒకటుంది, రెండు గుట్టలు కలిసే మెడ, జింకల బాట నేలలో దిగబడి కాలువలా కనిపించేది. "అది దొరక్కపోతే రెండోది, అదీ పోతే మూడోది. మూడూ గుర్తుపెట్టుకో, లేకపోతే పొద్దున్నే ఎవరితోనో పోట్లాటకు దిగుతావు" అన్నాడు.

సీజన్ తొలిరోజు గడ్డకట్టే చలి. చీకట్లో మేం చేరేసరికి మా మొదటి చోటు గేటు దగ్గర ఒక ట్రక్కు ఆగి ఉంది. పెద్దాయన బ్రేకు కూడా సరిగ్గా వెయ్యలేదు, అలాగే తిప్పేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. నాలుగు నెలలుగా చూసిన చోటు, ట్రక్కు ఒక్కటే, లోపల ఎకరాలకు ఎకరాలు ఉన్నాయి కదా, ఇంకోపక్క నుంచి పోదామన్నాను. "గాలి వాళ్లవైపు కొడుతోంది. మన వాసనకు అక్కడి జింకలన్నీ లేచిపోతాయి. గేటు దగ్గర ట్రక్కు ఉంటే వెనక్కి తిరుగు" అన్నాడు. ఇక దాని మీద చర్చ లేదు.

రెండో చోట పార్కింగు ఖాళీ. ఎర్రలైటు టార్చి వేసుకుని సామాను తీసుకుంటుంటే ఇంకో కారు వచ్చి, హెడ్‌లైట్లు మా ముఖం మీద వేసి, పాట మోగుతుండగానే ఆగింది. ముగ్గురు కుర్రాళ్లు, కాలేజీ వయసు. కోట్లకు ఇంకా షాపు మడతలు పోలేదు. ఒకడు తలుపు దబీమని వేశాడు. పెద్దాయన గొంతులో గొణుగుడు నాకు వినపడింది. ఇప్పుడు చీవాట్లేననుకున్నాను. ఆయన దగ్గరికి నడిచి, గుసగుసగా "గుడ్ మార్నింగ్. ఎటు వెళ్దామనుకుంటున్నారు?" అని అడిగాడు. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఎటని వాళ్లకే తెలియదు, మ్యాపులో ప్రభుత్వ భూమిని చూపే పచ్చరంగు చూసి వచ్చారు. ఆయన ట్రక్కు వెనక డోరుకు మట్టిరోడ్డు దుమ్ము మందంగా పట్టి ఉంది. టార్చి వెలుగులో దాని మీద వేలితో గీశాడు: ఇది రోడ్డు, ఇది వాగు, ఇదిగో గుట్ట. "మేం ఇక్కడ కూర్చుంటాం. మీరు వాగు దాటి ఇటు రండి, గాలి మీకూ బాగుంటుంది. గుట్ట ఇవతలికి కాల్చకండి, మేమున్నాం. పదకొండు దాకా కదలకండి. మిగతావాళ్లు కాఫీకని లేచి తిరుగుతారు, అప్పుడు జింకలు మీవైపే వస్తాయి." ఆ గీతల్ని ఒక కుర్రాడు ఫోటో తీసుకున్నాడు. వెళ్లేటప్పుడు ఇంకొకడు తలుపుని రెండు చేతులతో పట్టుకుని, తుంటితో నెమ్మదిగా నొక్కి మూశాడు.

"నువ్వు తిడతావనుకున్నాను" అన్నాను. "తిడితే ఇటే వస్తారు" అన్నాడు.

లోపలికి నడిచేటప్పుడు టార్చి ఆర్పకూడదు. దొంగల్లా చీకట్లో నడవడం గొప్పనుకుంటారు కొందరు, కానీ అవతల చెట్టుమీద ఉన్నవాడికి నువ్వు మనిషివని తెలియాలి. నడుము పైనున్న బట్టల్లో కనీసం సగం మెరిసే నారింజరంగు ఉండాలి, టోపీ పెట్టుకుంటే దానిలోనూ సగం. 2016 నుంచి మెరిసే పింక్ అయినా పర్వాలేదన్నారు, ఆడవాళ్లను ఆకర్షించడానికట. నేను నారింజే వేసుకున్నాను, పింక్ కోటు ధర ఎక్కువ. మంచె ఎక్కేటప్పుడు ఒంటికి పడిపోకుండా ఆపే పట్టీలు, తుపాకీ ఖాళీగా కిందే. ఎక్కి కూర్చున్నాక తాడుతో పైకి లాగి, అప్పుడు తూటా పెట్టాలి.

సూర్యోదయానికి అరగంట ముందు కాల్చే సమయం మొదలు. దూరంగా ఒకటి, తర్వాత నాలుగైదు, ఆ తర్వాత లోయంతా పటపటమంది. తెల్లగా తెల్లారాక ఒక పెద్దమనిషి నా ఎదురుగా వాలులోకి దిగుతూ కనిపించాడు. చెయ్యి ఊపితే కదలిక మాత్రమే కనపడుతుంది, గొంతు వినిపించాలని నేర్పారు కాబట్టి గొంతెత్తి పిలిచాను. ఆగి, తలెత్తి చూసి, చెయ్యెత్తి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, నా వెనకవైపు గుట్ట చుట్టి పోయాడు. ఆయనకు పావుగంట నడక అదనం. ఒక్కమాట లేదు, నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

మొదటి ఆడజింక గుట్ట శిఖరాన నిలబడింది. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు, అవతల కుర్రాళ్లున్నారు. స్కోపులో కళ్లు కూడా కనిపించాయి. కాల్చలేదు. మధ్యాహ్నం దాటాక ఇంకోటి వాలు దిగి వచ్చింది, వెనక మట్టిగోడలాంటి ఒడ్డు. శ్వాస వదిలి నొక్కాను. ఎగిరి పరుగెత్తింది. వెంటనే దిగకూడదు, అరగంట కూర్చోవాలి. లేదంటే పడుకోబోయే జింక మళ్లీ లేచి ఊరవతల చస్తుంది. ఆ అరగంట నా చేతులు వణకడం నేనే చూస్తూ కూర్చున్నాను. సంతోషమా, భయమా, అమ్మ చెప్పిన పాపమా, ఏదో నాకే తేలలేదు.

నెత్తుటి జాడ ఆకుల మీద బొట్లు బొట్లుగా ముళ్లకంచె దాకా వెళ్లింది. జింక కంచెకు అవతల, చెయ్యి చాస్తే అందేటంత దగ్గర్లో కాదుగానీ, కనపడేంత దగ్గర్లో పడి ఉంది. అవతల ప్రైవేటు పొలం. ఇక్కడి చట్టం ప్రకారం నువ్వు కొట్టిన జింకైనా సరే, యజమాని ఒప్పుకోకుండా కంచె దాటకూడదు. చుట్టుపక్కల పురుగు లేదు, లాక్కొస్తే ఐదు నిమిషాల పని. పెద్దాయన ఆ ఆలోచనే రానట్టు ట్రక్కు వైపు నడిచాడు. చుట్టూ తిరిగి ఆ ఇంటికి వెళ్లాం. తుపాకీలు డబ్బాల్లో, చేతులు ఖాళీ. మాట్లాడాల్సింది నువ్వేనని నన్ను ముందుకు నెట్టాడు. జూలైలో నాకు అనుమతి కాదన్నవాళ్లలో ఆ ఇల్లూ ఒకటి. ఆ మనిషి నన్ను గుర్తుపట్టాడు. నేను చెప్పింది విని, "మీరే కొట్టారా?" అని అడిగి, బూట్లు తొడుక్కుని ట్రాక్టరు తీశాడు. లాగడంలో సాయం పట్టి, కంచె దగ్గర నెత్తురు చూసి "గుండెకు తగిలింది, బాగా కొట్టారు" అన్నాడు. తర్వాత ఆ జింక సాసేజీల్లో మొదటి వాటా ఆయనింటికే వెళ్లింది. అడవి మాంసం అమ్మడం నేరం, ఇవ్వడం ఆచారం.

పొట్ట తియ్యడం పెద్దాయన నాచేతే చేయించాడు. గ్లౌజులు మోచేతి దాకా, కత్తి అంచు పైకి, పేగు తెగకుండా రెండువేళ్ల మధ్య. చలిలో లోపల్నుంచి ఆవిరి లేచింది. కోడిని కోసి ఎరిగినదాన్నే గనక మరీ కష్టమనిపించలేదు. పేగులు బాటకు దూరంగా వెయ్యాలి, పిల్లల్తో నడకకు వచ్చేవాళ్లు చూడాల్సినవి కావవి. ట్రక్కులో జింక మీద టార్పాలిన్ కప్పాం. నాలుక బయటపడ్డ ఫోటోలు పెట్టుకునేవాళ్ల మీద ఆయనకు మహా కోపం. నాకూనూ.

మరుసటిరోజు సాయంత్రం 5 లోగా జింకను ఫోన్లోనో ఆన్‌లైన్లోనో నమోదు చెయ్యాలి. 2015కు ముందు ఊళ్లోని బంకు దగ్గరకో బారు దగ్గరకో స్వయంగా తీసుకెళ్లేవాళ్లట. ఎవరు ఎంతది కొట్టారో చూడ్డానికి ఊరంతా మూగేదని పెద్దాయన ఇప్పటికీ బాధపడతాడు. కొత్తవాళ్లు పాతవాళ్ల మాటలు వినే చోటు అదొక్కటే ఉండేదని ఆయన లెక్క. నాకూ నిజమే అనిపించింది.

ఒక్క సంగతి మాత్రం వండుకునే ముందు ఆగి చేయాల్సింది. 2002లో మాడిసన్‌కు పడమర, మౌంట్ హోరెబ్ దగ్గరి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ బయటపడింది. మెదడును తినేసే రోగం, ఇప్పుడు ఈ కౌంటీల్లో బాగా పాకింది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు, అయినా రోగమున్న జింకను తినొద్దనే ఆరోగ్యశాఖ సలహా. తల తీసుకెళ్లి రోడ్డుపక్క డీఎన్ఆర్ పెట్టిన పెట్టెలో, చీటీ కట్టి వదిలితే ఉచితంగా పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లోనే. నాది నెగెటివ్. కొవ్వు అసలు ఉండదు కాబట్టి నూనె ధారాళంగా పోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, గోంగూరతో వండాను. గోంగూర ఇండియన్ స్టోర్లో కొన్నదే, పెరట్లోది వాటి పొట్టలోకే పోయింది మరి.

అప్పట్నుంచి తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న వీసా గురించే. నాది గ్రీన్‌కార్డు, నాకు అడ్డు లేదు. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. అయినా గ్రీన్‌కార్డు క్యూలో ఉండి తుపాకీ జోలికి వెళ్లేముందు లాయర్ని అడగండి, నన్ను కాదు. రెండో ప్రశ్న, ఎక్కడ కూర్చున్నావు, లొకేషన్ పంపు అని. అది పంపను. ఏ గుట్టలు, ఏ గాలి, ఎలా చూసుకోవాలో ఎంతసేపైనా చెప్తాను, కావాలంటే ఆగస్టులో వెంట నడుస్తాను. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూర్చుని నేర్చుకుందామనుకునేవాళ్లు వేసవిలోనే పేరు రాయించుకోండి. అక్టోబరుకు సీట్లుండవు.